మాట అందించే తాత

మా ఓనర్ తాత పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను విమానం రెక్క కింద వంగి, ట్యాంకులోంచి చిన్న గాజు గొట్టంలోకి కొంచెం పెట్రోలు పట్టి, వెలుగుకు ఎత్తి చూస్తున్నాను. ఎగిరే ముందు ప్రతిసారీ చేసే పనే ఇది. పెట్రోల్లో నీళ్లు చేరితే అడుగున వేరుగా కనిపిస్తాయి. ఆ రోజు నీళ్లు లేవు. లేత నీలం రంగు ఒక్కటే ఉంది.

"పొద్దుగాల చాయ్ తాగిండు, పేపర్ అడిగిండు, కుర్చీల వెనక్కి వాలిండు. గంతే బిడ్డా," అంది అమ్మ.

ఫోన్ పెట్టేశాక కూడా ఆ గొట్టాన్ని అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. మా ఇన్‌స్ట్రక్టర్ సార్ వచ్చి ఏమైందని అడిగారు. "మా ఇంటి ఓనర్ పోయారు," అని మాత్రం అనగలిగాను. ఆయన నా ముఖం చూసి తికమకపడ్డారు. ఇంటి ఓనర్ పోతే కిరాయికి ఉన్నవాళ్లు ఏడవడం ఆయన ఎక్కడా చూసి ఉండరు. ఆయనకు అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు మీకు చెప్పాలని కూర్చున్నాను.

మేము అశోక్ నగర్‌లో ఆ ఇంటి పై అంతస్తులో నా చిన్నప్పటి నుంచి కిరాయికి ఉంటున్నాం. కింద తాత, అమ్మమ్మ. మాకు రక్తసంబంధం లేదు, పిలుపు మాత్రమే ఉంది. తాత కరెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కానీ ఎవరైనా "మీరేం చేసేవారు?" అని అడిగితే ఆఫీసు సంగతి ఎత్తేవారు కాదు. "నాటకాలల్ల ఉన్న," అనేవారు. అడిగినవాళ్లు ఏ వేషం వేసేవారని అడిగితే, "వేషం లేదు. మాట అందించేటోన్ని," అనేవారు.

అట్లా మాట అందించేవాణ్ని ప్రాంప్టర్ అంటారని మీకు తెలుసో లేదో, నాకైతే అప్పట్లో తెలియదు. స్టేజీ పక్కన తెర వెనక ఒక స్టూలు వేసుకుని, ఒళ్లో నాటకం ప్రతి పెట్టుకుని కూర్చుంటాడు. నటుడు మాట మర్చిపోతే మెల్లగా అందిస్తాడు. ప్రేక్షకులకు అతను కనిపించడు, వినిపించకూడదు. చిక్కడపల్లి హాళ్లలో సాయంత్రం నాటకం ఉందంటే ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్లేవారట తాత. అన్నేళ్లు పక్క నుంచి చూసీ చూసీ, ఆయనకు దేన్నీ ఎదురుగా కూర్చుని చూసే అలవాటు పోయింది. పెళ్లికి వెళ్లినా వరుస చివరి కుర్చీయే. టీవీని కూడా పక్కకు కూర్చునే చూసేవారు. వార్తలు చదివే అమ్మాయి పెదవులతో పాటు ఆయన పెదవులూ కదిలేవి. మా నాన్న నన్ను తిడుతున్నప్పుడు ఓసారి అట్లాగే కదిలాయి. నాన్న తర్వాత ఏమంటాడో ఆయనకు ముందే తెలిసినట్టుంది. నాకు నవ్వాగలేదు, దానికి ఇంకో రెండు తిట్లు పడ్డాయి.

మా వీధి నిండా గ్రూప్స్ కోచింగ్‌లు, హాస్టళ్లే. నేను వాతావరణ శాస్త్రం పుస్తకం జిరాక్స్‌కు ఇస్తే షాపు అన్న పేజీలు తిప్పి, "మబ్బులు గూడ సిలబస్‌ల పెట్టిన్రా అక్కా?" అని అడిగాడు. పైలట్ కావడానికి అని చెబితే, పైసలు తీసుకోకుండా ఇంకోసారి నా ముఖం చూశాడు. మా ఇంట్లోనూ అట్లాంటి చూపే ఉండేది. నాన్నది నారాయణగూడలో రంగుల దుకాణం. ఆయన వద్దనలేదు, కానీ పూర్తిగా నమ్మలేదు కూడా.

పైలట్ లైసెన్సుకు రాసే పరీక్షలన్నీ నేను ఒకేసారి గట్టెక్కాను. రేడియో పరీక్ష దగ్గర ఆగిపోయాను. అది రాసేది కాదు, మాట్లాడేది. హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చోవాలి. అవతల పరీక్ష పెట్టే ఆయన టవర్ లాగా మాట్లాడతారు, మనం విమానంలో ఉన్నట్టు జవాబు చెప్పాలి. నాకు ప్రతి మాటా వచ్చు. ఆ గదిలో ఆయన గొంతు చెవిలో పడగానే అన్నీ పోయాయి. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. ఆయన ఇంకోసారి పిలిచారు, ఆపైన కాగితం మీద ఏదో రాసుకున్నారు.

ఇంటికొచ్చాక నాన్న తిట్టలేదు. తిడితే బాగుండేది. "మాట రాకపోతే విమానంల ఎట్ల బిడ్డా? అక్కడ వెనక కూసున్నోళ్లు ఉంటరు కదా. ఇంకొక్కసారి రాయి. ఈసారి గూడ గిట్లనే అయితే డిగ్రీల చేరు," అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను కూడా లోపల అదే అనుకుంటున్నాను.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని కాగితం చూసి గొణుక్కుంటున్నాను. కింద తాత కుర్చీలో ఉన్నారు.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?"

"చదువుడు కాదు తాతా, మాట్లాడుడు."

"ఎవరితోని?"

"టవర్‌తోని."

"టవర్ ఏమంటది?"

"అది గూడ నేనే అంటున్న. ఇంకెవరున్నరు?"

"అయితే టవర్ నాకియ్యి," అని చెయ్యి చాపారు.

అట్లా మొదలైంది. రోజూ సాయంత్రం వరండాలో రెండు కుర్చీలు. ఒకదాంట్లో నేను, ఎదుట అద్దం, మీటర్లు అన్నీ ఉన్నట్టు ఊహించుకుని. నాకు పక్కగా, కొంచెం వెనక్కి తాత. విమానాన్ని తిప్పే కర్ర కోసం అమ్మమ్మ చపాతీ కర్ర తెచ్చుకున్నాను.

"నా కర్ర ఏడ వోయింది?" అని లోపల నుంచి అమ్మమ్మ.

"గాల్ల ఉంది. దిగినంక ఇస్తది," అని తాత.

"అయితే చపాతీలు గూడ గాల్లనే తినుండ్రి ఇద్దరు."

మొదటి రోజుల్లో తాత టవర్ చాలా గంభీరంగా ఉండేది. 'క్లియర్డ్ టు ల్యాండ్' అంటే దిగడానికి అనుమతి. దాన్ని ఆయన రాజుగారు వరం ఇచ్చినట్టు చెయ్యెత్తి అనేవారు. "తాతా, వాళ్లు గట్ల అనరు, బస్ కండక్టర్ లెక్క గబగబ అంటరు," అని నేను చెప్పాక మార్చుకున్నారు. మరునాడు నిజంగానే కండక్టర్ గొంతుతో ఇచ్చారు. ఆ రోజు నవ్వి నవ్వి నేను రన్‌వే దాటిపోయాను.

కానీ నేర్పింది ఆ నవ్వుల మధ్యనే. నేను ఆగిపోయిన ప్రతిసారీ ఆయన నా ముఖం వైపు చూసేవారు కాదు, భుజాల వైపు చూసేవారు. కొన్నాళ్లకు అడిగారు.

"ఊపిరి ఎందుకు ఆపుతున్నవ్?"

"ఆపుతలేనే."

"ఆపుతున్నవ్. నేను గింతకాలం చూసింది గదే. స్టేజీ మీద కావాలని ఆగినోడు ఊపిరి తీసుకుంటడు. మర్చిపోయినోడు ఊపిరి ఆపుతడు. ఊపిరి ఆగితే మాట యాడికెళ్లి వస్తది? మాట ఎక్కి వచ్చే బండే అది."

అప్పటి నుంచి నేను తడబడితే ఆయన మాట అందించే ముందు తనే ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకునేవారు, నాకు వినపడేలా. దానికి నేనూ తీసుకునేదాన్ని. చాలాసార్లు ఆ తర్వాత ఆయన అందించాల్సిన అవసరం పడేది కాదు. పడితే మొదటి మాట ఒక్కటే ఇచ్చేవారు. మొత్తం వాక్యం అడిగితే ఒప్పుకునేవారు కాదు. "అంత నేనే చెప్తే విమానం నాదయితది. నాకు నడుపరాదు," అనేవారు.

రేడియో భాషలో ఒక్కో మాటా ఆయనకు మిఠాయి. తొమ్మిదిని 'నైనర్' అంటారంటే ఎందుకని అడిగి, వేరే మాటతో కలిసిపోకుండా అని తెలుసుకుని, కూరగాయల బండి దగ్గర "నైనర్ టమాటలు" అడిగి వచ్చారు. అన్నిటికంటే నచ్చింది 'స్టాండ్‌బై'. వెంటనే జవాబు చెప్పలేనప్పుడు పైలట్ ఆ ఒక్క మాట అనవచ్చు, టవర్ ఆగుతుంది అని చెప్పాను. తాత కళ్లద్దాలు తీసి బనియను అంచుతో తుడుచుకున్నారు. ఆలోచన వచ్చినప్పుడు అద్దాల మీద దుమ్ము లేకపోయినా తుడిచేవారు.

"అంటే, నాకు జర టైం కావాలె అని అందరు వినంగ చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు."

"తప్పు కాదా?"

"కాదు తాతా. అదే రూలు."

"స్టేజీ మీద గిసొంటి మాట ఒకటి ఉండి ఉంటే ఎంతమంది బతికిపోతుండె," అన్నారు. ఆ సాయంత్రమంతా అమ్మమ్మ ఏం పిలిచినా "స్టాండ్‌బై" అనే జవాబు.

నన్ను సాయంత్రాలు నారాయణగూడ ఫ్లైఓవర్ కిందికి కూడా నడిపించుకుపోయారు. "ఇంట్ల అందరు మాట్లాడుతరు. ఈడ మాట్లాడు చూద్దాం," అనేవారు. సిగ్నల్ దగ్గర ఆగిన బండ్ల నంబర్లు నేను రేడియో భాషలో చదవాలి. 'టీజీ 09'ని టాంగో గోల్ఫ్ జీరో నైనర్ అని మొదలుపెడితే హారన్లు, బస్సు బ్రేకులు, పక్కన చాయ్ బండి మీద గిన్నెల చప్పుడు. ఒక ఆటో అన్న తన నంబరు చదువుతుంటే భయపడి, "చలానా గిట్ల రాస్తున్నరా సార్?" అని తాతను అడిగాడు. "లేదన్నా, పైలట్ మేడం. నీ బండి దిగుతందుకు పర్మిషన్ ఇస్తున్నది," అన్నారు తాత. ఆటో అన్నకు ఏమీ అర్థం కాకపోయినా నాకు సలాం కొట్టి వెళ్లిపోయాడు.

ఒకరోజు చాయ్ తాగుతూ తన జీవితంలో చేసిన పెద్ద తప్పు చెప్పారు. ఒక నాటకంలో చివరి సీను కోర్టు. జడ్జి వేషం వేసిన స్నేహితుడు తీర్పు చదువుతూ, అసలు మాట దగ్గర ఆగాడు. హాలు నిశ్శబ్దం. అతను మాట మర్చిపోయాడనుకుని తాత తెర వెనక నుంచి "నిర్దోషి" అని అందించారు. కొంచెం గట్టిగానే అందించారట. ముందు వరుసలకు వినపడింది. జడ్జి నోరు తెరవకముందే తీర్పు వచ్చేసింది, జనం చప్పట్లు కొట్టేశారు.

"వాడు కావాలని ఆగిండు. మంచి నటుడు. నేను పోయి చెడగొట్టిన. అందుకే చెప్తున్న బిడ్డా, ఆగుడు తప్పు కాదు. ఆగినప్పుడు భయపడుడే తప్పు," అన్నారు.

ఆ స్నేహితుడు తర్వాత ఆయన్ను కలిసిన ప్రతిసారీ ఆ మాట ఎత్తి ఆటపట్టించేవాడట. తాత కూడా నవ్వేవారట.

రెండోసారి పరీక్షలో నేను మళ్లీ ఆగాను. మొదటిసారి ఆగిన చోటు కాదు, ఇంకా తేలికైన చోట. ఊపిరి తీసుకున్నాను. "స్టాండ్‌బై" అన్నాను. అవతల ఆయన ఆగారు. నిజంగా ఆగారు. ఆ కాసేపట్లో మాటలు ఒక్కొక్కటే వచ్చి తమ స్థానాల్లో కూర్చున్నాయి. పాసయ్యాను. ఇంటికొస్తే నాన్న ఫలితం అడిగాడు, అమ్మ మార్కులు అడిగింది. తాత మాత్రం, "ఎక్కడ ఆగినవ్?" అని అడిగారు. చెప్పాను. తల ఊపి, అమ్మమ్మ ముందున్న చిక్కుడుకాయలు తీసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టారు.

ఫ్లయింగ్ స్కూలు వేరే రాష్ట్రంలో. వెళ్లడానికి ముందు ఆ చివరి వారాల్లో తాత అందించడం మానేశారు. ఊపిరి కూడా వినిపించేవారు కాదు. పక్కనే కూర్చుని, కాగితం బోర్లా పెట్టి, చిక్కుళ్లో బఠానీలో ఒలుస్తూ ఉండేవారు. నేను ఆగిపోయి చూస్తే తలెత్తేవారు కాదు.

"చెప్పు తాతా."

ఆయన ఇంకో కాయ ఒలిచారు.

"టవర్ నిద్రపోయిందా ఏంది?"

"టవర్ ఈడనే ఉన్నది. నీ పక్కన కూసున్న కదా, చాలదా?"

నాకు కోపం వచ్చేది. ఒకరోజు చపాతీ కర్ర అక్కడే పెట్టేసి పైకి వెళ్లిపోయాను. తర్వాతి సాయంత్రం దిగివస్తే కర్ర నా కుర్చీలోనే ఉంది, తాత తన కుర్చీలో ఉన్నారు. ఇద్దరం ఏమీ జరగనట్టే ఎగిరాం.

స్కూలు నుంచి వారానికోసారి ఫోన్ చేసేదాన్ని. ఎంత ఎత్తు, ఎంత వేగం అని ఆయన అడిగేవారు కాదు. ఈ వారం కొత్త మాట ఏం నేర్చుకున్నావని అడిగేవారు. రెక్కల మీది గాలి చెదిరి విమానం ఒక్కసారిగా బరువెక్కినట్టయ్యే స్థితిని 'స్టాల్' అంటారని చెబితే, దానికి తెలుగులో ఏమంటారని అడిగారు. నాకు తెలియలేదు. "నువ్వే పెట్టు. ముందు నువ్వే కదా చూస్తున్నది," అన్నారు. ఆ వారమంతా ఒక తెలుగు మాట కోసం వెతికాను. ఇప్పటికీ దొరకలేదు. కానీ అప్పటి నుంచే నేను పుస్తకాలు చదవడం, ఇట్లా రాయడం మొదలైంది.

తాత పోయే నాటికి నన్ను ఒంటరిగా ఎగరనిచ్చే మాట స్కూల్లో నడుస్తోంది. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ లేకుండా పైకి లేచి, చుట్టూ తిరిగి, దిగాలి. విమానం తిప్పడం సార్‌కు నచ్చింది. రేడియో దగ్గర మాత్రం ఇంకా అప్పుడప్పుడు తడబడుతున్నానని, అది పోనిదే పంపనని అన్నారు. ఆయన పక్కన ఉంటే నేను ఆగిన ప్రతిసారీ తనే మాట్లాడేసేవారు. అది మంచితనమే. కానీ ఆయన మాట్లాడేస్తున్నంత కాలం నాకు మాట వస్తుందో రాదో ఇద్దరికీ తెలియదు.

అంత్యక్రియలకు అందుకోలేకపోయాను. చిక్కడపల్లిలో ఒక చిన్న హాల్లో ఆయన నాటకాల స్నేహితులు పెట్టిన సంతాప సభకు వచ్చాను. ఆ నాటకంలో జడ్జి వేషం వేసిన పెద్దాయన చేతికర్రతో స్టేజీ ఎక్కి, తీర్పు కథ మళ్లీ చెప్పారు. "నేను ఎంత గొప్పగ ఆగిన, వీడు నా తీర్పు ఎత్తుకపోయిండు," అంటే హాలంతా నవ్వింది. అమ్మమ్మ కూడా నవ్వింది.

ఇంటికి నడుస్తుంటే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది.

"ఆయన ఆగలేదే బిడ్డా. మర్చిపోయిండు."

"ఎవరు? జడ్జి తాతనా?"

"ఊపిరి ఆపిండట. మీ తాత చూసిండు. మెల్లగ అందిస్తే వినలేదు, అందుకే జర గట్టిగ అనవలసి వచ్చింది. ఆ రాత్రే నాకు చెప్పిండు."

"మరి తప్పు నాదే అని ఎందుకు చెప్పుకునె?"

"ఆ దోస్తు మళ్లా స్టేజీ ఎక్కాలె కదా," అంది అమ్మమ్మ.

తిరిగి వెళ్లాక సార్‌ను ఒకటి అడిగాను. "నేను ఆగితే కాసేపు మీరు మాట్లాడకండి సార్. నేను ఊపిరి తీసుకుంటున్నానా లేదా అని మాత్రం చూడండి." ఆయన విచిత్రంగా చూశారు, కానీ సరేనన్నారు. కొన్ని రోజులు అట్లాగే ఎగిరాం. ఒక పొద్దున రెండు చుట్లు తిరిగి దిగాక ఆయన బెల్టు విప్పుకున్నారు. చేతిలో పట్టుకునే చిన్న రేడియో తీసుకుని, తలుపు బయటి నుంచి మూసి, రెండుసార్లు తట్టి నడుచుకుంటూ వెళ్లిపోయారు. అవసరమైతే ఆ రేడియోలో నాతో మాట్లాడతారు.

ఒక మనిషి బరువు తగ్గేసరికి విమానం అనుకున్నదానికంటే ముందే నేల విడిచింది. ఎడమకు తిరిగాను, మళ్లీ ఎడమకు. రన్‌వేకు పక్కగా, దానికి వ్యతిరేక దిశలో ఎగిరే చోట, డౌన్‌విండ్ అంటారు దాన్ని, టవర్‌కు ఒక మాట చెప్పాలి. సరిగ్గా అప్పుడే వేరే విమానం మాట్లాడుతోంది. అది అయిపోయేసరికి నా వాక్యం నా దగ్గర లేదు. కింద పొలాలు, కాలువ, ఎడమ రెక్క కింద సన్నగా రన్‌వే. చెవుల్లో ఎవరూ లేరు. విమానం తిన్నగా పోతోంది, ఎత్తు సరిగ్గా ఉంది. నేను ఆగాను. భుజాలు పైకి లేచి దిగాయి. తర్వాత బటన్ నొక్కి చెప్పవలసింది చెప్పాను. టవర్ కండక్టర్ లెక్క గబగబా జవాబిచ్చింది.

దిగేటప్పుడు విమానం రన్‌వే మీద ఒక చిన్న గెంతు వేసింది. అది మా స్కూల్లో అందరూ చూశారు, దాని మీద జోకులు ఇంకా నడుస్తున్నాయి.

ఇంజను ఆపి దిగితే సార్ గడ్డి అంచున నిలబడి ఉన్నారు. "డౌన్‌విండ్‌లో ఆలస్యంగా మాట్లాడావు," అన్నారు హిందీలో.

"అవును సార్. మీరు పిలుస్తారనుకున్నాను."

"పిలుద్దామనే అనుకున్నా," అన్నారు.

నేను అప్పుడు ఆయన చేతి వైపు చూశాను. రేడియో పట్టుకున్న చెయ్యి తొడ పక్కన కిందికే వేలాడుతోంది. దాని యాంటెనా గడ్డిని తాకుతూ గాలికి అటూ ఇటూ ఊగుతోంది. బటన్ మీద ఆయన బొటనవేలు ఇంకా ఉంది, నొక్కకుండా.